లెక్కమర ఆత్మకథ

అరచేతిలో ఇమిడెడు గుండ్రని ఉక్కుడొల్ల, దాని ముఖమున నాలుగు చిన్న కిటికీలు, వానిలో సున్న మొదలు తొమ్మిది వరకు తిరిగెడు అంకెల చక్రములు, బొటనవ్రేలు ఆనుటకొక మీట, అంకెలన్నిటిని సున్నకు దింపుటకు ప్రక్కనొక పిడి: ఇంతియే నా స్వరూపము. అంగడివారు నన్ను ట్యాలీ కౌంటరందురు. ఏ కర్మాగారమున పుట్టితినో, నాకు మెరుగుపూత ఎవరు పూసిరో చెప్పి మిమ్ము విసిగింపను. నా తోబుట్టువులు కొందరు నాటకశాలల వాకిళ్లకడను, కొందరు పడవరేవులలోను మనుష్యులను లెక్కించుచు కాలము గడుపుచుండగా, నాకు మాత్రము తుపాకిమ్రోతలను లెక్కించు ఉద్యోగము దొరకినదని చెప్పిన చాలును.

ఇటలీ దేశపు దక్షిణాగ్రమునకును సిసిలీ ద్వీపమునకును నడుమ మెస్సీనా జలసంధి కలదు. మిక్కిలి ఇరుకైన తావున దాని వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. ఆఫ్రికా అడవులలో శీతకాలము గడపి, ఐరోపాలో గూడు కట్టుటకై మరలివచ్చెడు తేనెగద్దలు ప్రతి వసంతమునను ఈ దారి పట్టును. ఇవి మీ అడవులలో తేనెపట్లను చీల్చెడు గద్దకు దాయాదులే. కందిరీగల పిల్లపురుగులే వీనికి ప్రియమైన ఆహారము. నేల కాగినప్పుడు లేచెడు వేడిగాలి ఊతముగా ఎగురు పక్షులగుటచే, ఆ ఊత లభింపని విశాలసముద్రమును వీలైనంతవరకు తప్పించుకొని, ఇరుకుదారులను వెదకికొనుట వీని స్వభావము. అయినను ట్యునీసియా కొననుండి సిసిలీ చేరుటకు సుమారు 150 కిలోమీటర్ల నీటిని దాటక తప్పదు. అట్లు దాటి, అలసి, తక్కువ ఎత్తున కొండలమీదుగా వచ్చెడు అతిథులకు ఆ తీరవాసులలో కొందరు తుపాకులతో స్వాగతమిచ్చెడివారు.

కారణము వింటిరా? ఏటికొక్క తేనెగద్దనైనను కూల్చలేని మగవాని భార్య పరపురుషుని పాలగునని అచట ఒక నమ్మకము ఉండెను. ఇల్లాలి శీలమునకు పక్షిప్రాణము పూచీయట! ఈ పూచీకై కలాబ్రియా తీరమున కాంక్రీటు గూళ్లు సైతము కట్టుకొని వేటగాండ్రు కాచియుండెడివారు. మరలివచ్చు పక్షులను వేటాడరాదని 1979లోనే ఐరోపా దేశములు శాసనము చేసికొన్నను, ఆ శాసనము కాగితముపై ఉండెను, తుపాకి కొండపై ఉండెను. 1981లో అన్నా జోర్దానో అను పదునైదేండ్ల మెస్సీనా బాలిక ఈ హత్యాకాండను కన్నులార చూచి, ఊరకుండలేక, పక్షిప్రేమికులను కూడగట్టి కొండలపై కాపుదల శిబిరములు నడపించెను. 1986లో ఆమె కారును ఎవరో తగులబెట్టిరి. ఆమె మాత్రము కొండ దిగలేదు. 1998లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారము లభించినది.

అట్టి శిబిరమున ఒక స్వచ్ఛందసేవకురాలి చేతిలో నా కొలువు మొదలైనది. ఆమె కుడిచేత దుర్భిణి, ఎడమచేత నేను. లోయలో తుపాకి ప్రేలినప్పుడెల్ల ఆమె బొటనవ్రేలు నన్ను నొక్కెడిది. ఆ వ్రేలి వణకు ఇప్పటికిని నా మీటకు గుర్తున్నది. సాయంకాలమున నాపైనున్న అంకెను చూచి, పుస్తకమున వ్రాసికొని, పిడి త్రిప్పి, నన్ను సున్నకు దింపెడిది. ఆ పుస్తకము చూపియే అటవీరక్షకులను పిలిచిరి, పత్రికలను కదలించిరి. ఏండ్లు గడచినకొలది మ్రోతలు తగ్గెను. ఉదయము సున్నతో కొండ ఎక్కి, సాయంకాలము సున్నతోనే దిగిన దినములు నాకు ప్రాప్తించినవి. అంకెలు పెంచుటకై పుట్టిన యంత్రమునకు ఏమియు పెంచకుండుటయే జీవితములోని ఘనకార్యమగునని ఎవరెరుగుదురు?

పిమ్మట నన్ను పక్షుల లెక్కకు మార్చిరి. ఇది చూచినంత సులువు కాదు. గద్దలు వేడిగాలిని పట్టి, రెక్క కదపక, సుడులు తిరుగుచు పైకెక్కుచున్నప్పుడు వానిని లెక్కించుట బ్రహ్మతరము కాదు. ఆ సుడి కొసకు చేరి, బడి విడిచిన పిల్లలు ఇరుకువాకిట వరుసపడునట్లు, ఒకదాని వెనుక ఒకటిగా జలసంధివైపు జారునప్పుడే లెక్క పట్టవలెను. గుంపు పలుచనైనచో పక్షికొక నొక్కు. దట్టమైనచో పదింటికొక నొక్కు. గంటగంటకును నా అంకె, పక్షిజాతి, గాలి దిక్కు పట్టికలోనికి ఎక్కును. ఒకే గుంపును ఇరువురు లెక్కింపకుండ ప్రక్కకొండవారితో మాటాడుకొందురు. ఏప్రిల్ చివర, మే మొదట రద్దీ మిక్కుటము. ఒక్క వసంతమున తేనెగద్దలే ఇరవైవేలు దాటిన ఏండ్లున్నవి. వీనిలో అధికభాగము గూడు కట్టవలసిన పెద్దపక్షులే. పిల్లలు తొలి వసంతమున ఆఫ్రికాలోనే ఉండిపోవును. కనుక ఈ దారిలో ఒక్కటి కూలినచో ఉత్తరమున ఎచటనో ఒక గూడు పాడుపడినట్లే.

ఇక నా ఏలికల సంగతి. నన్ను లాగు జేబులో వేసికొని కునుకు తీసిన ఒక మహానుభావుడు లేచుసరికి, ఆకాశమున ఒక్క పక్షియు లేకుండగనే నాపై డజను పక్షులు పెరిగియుండెను. నాకు కూడిక తప్ప తీసివేత రాదని ఆయన నన్నే తిట్టెను! మరియొకడు వాన మొదలగుసరికి దుర్భిణిని చొక్కాలో దాచుకొని పరుగెత్తెను. నేను రాతిపై రాత్రియెల్ల తడిసితిని. ఆ త్రుప్పు నా పదులచక్రమునకు పట్టినది. ముప్పదితొమ్మిది పిమ్మట నలువదికి మారుగా మరల ముప్పది చూపుచుంటిని. చుక్క నూనె వేసిన తీరెడు జబ్బే, వేయువారు లేకపోయిరి. అంతలో చేతిఫోనులు వచ్చినవి. వ్రేలితో తాకిన చాలును, జాతియు గంటయు స్థలమును అవియే వ్రాసికొనును. నేను చెప్పలేనివన్నియు అవి చెప్పును. అసూయ పడుటకును నాకు ముఖము లేదు. అప్పటినుండి శిబిరపు ఇంటి సొరుగులో, కారిన బ్యాటరీల సరసన, తాళము పోయిన తాళపుచెవుల నడుమ పడియున్నాను. సొరుగు తెరచినవారు కత్తెరకొరకు వెదకి, నన్ను ప్రక్కకు నెట్టి, మూసి పోవుదురు.

నా దుఃఖమునకు మీరు కరగనక్కరలేదు. ఒక్కమాట వినుడు. ఆ జలసంధియందు దొంగవేట నేటికిని పూర్తిగా అంతరింపలేదు. కనుకనే సేవకులు ఏటేటా కొండ ఎక్కుచున్నారు. మీ దేశముననే నాగాలాండులో దోయాంగ్ జలాశయము కడ 2012లో వేలకొలది అమూర్ డేగలు వలలలో చిక్కి చచ్చుట లోకమునకు తెలిసిన మరుసటి ఏడే అచటి గ్రామస్థులు వలలు కట్టుట మానిరి. చూచువారు, లెక్క వ్రాయువారు ఉన్నచోట చంపువాని చేయి వెనుకాడును. మెస్సీనాలో వేటగాండ్రు జడిసినది నా అంకెలకు కాదు. ఎండలో నిలిచి వానిని వ్రాసికొన్న మనుష్యులకు. లెక్కించునది నేనైన నేమి, ఫోనైన నేమి, వసంతమున ఆ కొండపై మనిషి ఉండవలెను.