డియర్ పి, ప్లాటు కొనండి

వెనకటికి గొలుసు ఉత్తరాలని వచ్చేవి. ఇది అందిన వాళ్లు ఇంకొంతమందికి రాయాలి, రాయకపోతే కీడు. ఎంత బెదిరించినా, రాసేవాడి చెయ్యి నొప్పి పుట్టేది, కార్డు డబ్బులు వాడి జేబులోంచే పోయేవి. ఇప్పుడా రెండు బాధలూ లేవు. సాఫ్ట్‌వేర్‌లో లిస్టు ఎక్కించి, టెంప్లేటు పెట్టి, ముహూర్తం చూసి ఒక్క నొక్కు. లక్షమంది మీద ప్రచార మెయిల్ పడుతుంది.

దీనికి మూలపురుషుడు గ్యారీ థర్క్. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ మనిషి. 1978 మేలో, మా కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రండంటూ ఇంటర్నెట్‌కు ముందరి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాలు ఎక్కువై, ఉత్తరం లోపలికి కూడా పొర్లాయి. చీవాట్లు పడ్డాయి. అమ్మకాలు మాత్రం భేషుగ్గా జరిగాయని ఆయనే చెప్పుకున్నాడు. మార్కెటింగ్ వాళ్లకు ఆ చివరి వాక్యమే గుర్తుంది.

సరే, మీరూ షాద్‌నగర్ దగ్గర వెంచర్ వేశారనుకుందాం. లిస్టు కావాలి. ఎక్కడిదని అడగడం మర్యాద కాదు. షాపింగ్ మాల్ లక్కీ డ్రా కూపన్ మీద మనం గుండ్రంగా రాసిన మెయిల్ ఐడీ ఊరికే పోతుందా?

తర్వాత ఆప్యాయత. ప్రతి ఉత్తరంలోనూ పేరు దానంతటదే పడేలా సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటుంది. మొదటి మాటే పేరని దాని నమ్మకం. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. దాంతో పి.వి.వి. సత్యనారాయణ గారు ‘డియర్ పి’ అవుతారు. బండారు లక్ష్మి గారికి ‘హాయ్ బండారు’ అని వస్తుంది, తాతముత్తాతలందరినీ ఒక్కసారే పలకరించినట్టు. గడి ఖాళీగా ఉంటే ఉత్త ‘డియర్’.

మొదటి రోజే లక్ష పంపితే జీమెయిల్ అనుమానిస్తుంది. అందుకని ‘వార్మప్’ చెయ్యాలి. కొత్త అల్లుడిలా మొదటి వారం తలొంచుకుని నాలుగు మాటలు, ఆ తర్వాత అసలు రూపం. ఇంకా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ధ్రువపత్రాలున్నాయి. ఉత్తరం ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని అవి రుజువు చేస్తాయి. అందులో ఉన్నది నిజమా అని మాత్రం మూడింట్లో ఏదీ అడగదు. ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అన్న వాక్యం మూడు పరీక్షలూ పాసై దర్జాగా ఇన్‌బాక్స్‌లో కూర్చుంటుంది.

ఎంతమంది తెరిచారో ఎలా తెలుస్తుంది? కంటికి కనపడని బొమ్మ ఒకటి ఉత్తరంలో దాచిపెడతారు. అది లోడైతే తెరిచినట్టు లెక్క. 2021 నుంచి ఆపిల్ మెయిల్ గోప్యత పేరిట, మనిషి చూసినా చూడకపోయినా ఆ బొమ్మను ముందే దించేస్తోంది. కాబట్టి యంత్రం పంపింది, యంత్రం తెరిచింది, మీ ఆఫీసులో స్వీట్లు పంచారు. మధ్యలో మనిషి లేడు, ప్లాటూ అమ్ముడవలేదు.

వద్దనేవాళ్ల సంగతా? అన్‌సబ్‌స్క్రైబ్ లింకు బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టండి. నొక్కినవాణ్ణి ఎందుకు వెళ్తున్నావని అడగండి. నేరుగా జవాబు రాద్దామంటే ‘నోరిప్లై’. పేరు పెట్టి పిలిచినవాడే పలికితే వినడు!

వేళకాని వేళ ఫోన్లకీ, ఎస్సెమ్మెస్‌లకీ మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలున్నాయి. మెయిళ్లు వాటి కిందికి రావు. గూగుల్ మాత్రం 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు పైగా జీమెయిళ్లకు పంపేవాళ్లకు పగ్గం వేసింది. ప్రచార మెయిళ్లకు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

అంటే వెయ్యిమందిలో ముగ్గురు. కాబట్టి అయ్యా పి గారూ, అమ్మా బండారూ, అడగని మెయిల్ వస్తే డిలీట్ చేసి ఊరుకోకండి. డిలీట్ చేస్తే వాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కండి. ఇంకో ఇద్దరు దొరక్కపోరు.