రేపటికి కావాల్సినవి

రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోను టింగుమంటే మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. చుట్టాలు ఆ వేళప్పుడు మెసేజీలు పెట్టరు. పిలిచి అప్పిస్తామనే బ్యాంకువాళ్లు కూడా ఆ పాటికి పడుకుంటారు. మేలుకుని ఉండేది మా అమ్మాయి స్కూలొక్కటే. “డియర్ పేరెంట్, గ్రీటింగ్స్! రేపు బోనాల సెలబ్రేషన్. మీ పాప పట్టు లంగాలో రావాలి. అలంకరించిన చిన్న కుండ, వేపమండలు, పసుపు, కుంకుమ వెంట పంపగలరు.” చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

పొద్దున చెబితే ఎవరైనా తెచ్చి పెడతారు. రాత్రి పదింటికి కుండ ఎవడమ్ముతాడు? మా ఆవిడ తిట్టుకుంటూనే ఇత్తడి చెంబుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇదే కుండ అని తేల్చేసింది. వేపమండలు నా వాటాకొచ్చాయి. మా కాలనీ మొత్తానికి వేపచెట్టు ఒక్కటే, పార్కు గోడ పక్కన. నేను వెళ్లేసరికి దాని కింద సెల్‌ఫోను లైట్లు వెలుగుతున్నాయి. లుంగీలతో, బనియన్లతో నలుగురైదుగురు తండ్రులు ఎగిరెగిరి కొమ్మలు వంచుతున్నారు. ఒకాయన తన చేతిలో మిగిలిన మండ నాకిచ్చి, “సెవెన్తా?” అన్నాడు. “అవునండీ, బి సెక్షన్” అన్నాను. ఏళ్ల తరబడి ఒకే వీధిలో ఉంటున్నాం. పలకరించుకోవడానికి స్కూలు పూనుకోవాల్సొచ్చింది.

జూన్ 12న బడి తెరిచారు. తెరిచిన రోజే నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన యాక్టివిటీ క్యాలెండర్ చేతిలో పెట్టారు. పాఠ్యపుస్తకాల్లో రెండు అప్పటికింకా రాలేదు. క్యాలెండర్ మాత్రం పిన్ను కొట్టి, ఫీజు రసీదుతో సహా వచ్చింది. రసీదులో ట్యూషన్ ఫీజు కింద యాక్టివిటీ ఫీజు అని ఇంకో గీత. అది కట్టాక యాక్టివిటీ కూడా మనమే చెయ్యాలని ఎక్కడా రాయలేదు. అర్థం చేసుకోవాలి.

జూన్ 21 యోగా డే: తెల్ల టీషర్టు, తెల్ల ప్యాంటు, చాప. జూలైలో వనమహోత్సవం: ఇంటి నుంచి ఒక మొక్క. ఆపైన ఇన్వెస్టిచర్ సెర్మనీ: హౌస్ కెప్టెన్లకి భుజం మీద పట్టీలు, మిగతావాళ్లకి ఎండలో నిలబడి చప్పట్లు కొట్టే పని. ఆగస్టు 15కి మూడు రంగుల గాజులు. వినాయకచవితికి మట్టి. సెప్టెంబరు 5న టీచర్లకి గ్రీటింగు కార్డు, ‘స్వహస్తాలతో చేసినది’. ఎవరి స్వహస్తాలో చెప్పలేదు.

వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పండగ. దేశమంతా చెట్లు నాటాలని ఆయన ఆశ. మా స్కూలు ఆవరణ అంతా సిమెంటు. గేటు పక్కన మాత్రం ఒక గుంత తవ్వారు, అందులో ఒక మొక్క పెట్టారు. క్లాసు క్లాసంతా వరసగా వచ్చి, దాని మీద చెయ్యేసి, నవ్వి, ఫొటో దిగి వెళ్లారు. మా అమ్మాయి మోసుకెళ్లిన మందార మళ్లీ ఆటో ఎక్కి ఇంటికే వచ్చింది. స్కూలు పంపిన ఫొటోలో మా అమ్మాయి శ్రద్ధగా నాటుతున్నది ఎవరిదో గన్నేరు.

బ్యాగ్‌లెస్ డే అని ఇంకోటుంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచీ ఉండకూడదన్నారు. ఆ రోజుల్లో ఊళ్లోని వడ్రంగుల దగ్గరా, తోటమాలుల దగ్గరా, కుమ్మరుల దగ్గరా పని నేర్చుకోవాలన్నారు. రాసినవాళ్ల ఉద్దేశం బంగారం. మా స్కూలు బ్యాగ్‌లెస్ డే రోజున సంచీ నిజంగానే ఇంట్లో ఉంటుంది. దాని బదులు చార్టుల చుట్ట, కత్తెర, ఫెవికాల్ డబ్బా, రంగుల పెట్టె, అట్టముక్కలు, ఇవన్నీ పట్టే చీరల షాపు కవరు బడికి వెళ్తుంది. స్కూలు సంచీ బరువు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదని కూడా రూలుంది. కవరు సంచీ కాదు కాబట్టి దానికి ఆ రూలు వర్తించదు.

ఆగస్టు 29 దగ్గరికొచ్చేసరికి క్యాలెండరే తడబడింది. ఆ రోజు హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, అంచేత జాతీయ క్రీడా దినోత్సవం. అదే రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, అంచేత తెలుగు భాషా దినోత్సవం. పంతులుగారు 1863లో పుట్టారు, ధ్యాన్‌చంద్ 1905లో. ఇద్దరి మధ్యా నలభై రెండేళ్ల ఎడం ఉన్నా మా స్కూలు ఇద్దరినీ ఒక్క పూటలో సర్దేస్తుంది. నిరుడు పదింటి దాకా లంగా ఓణీ, పదింటి తరవాత ట్రాక్ సూటు అన్నారు. బట్టలు మార్చుకునే చోటు లేదని లోపల ట్రాక్ సూటు తొడిగి పైన ఓణీ చుట్టి పంపిన తల్లులున్నారు. అన్నట్టు, ఆ క్రీడా దినోత్సవం మార్చ్‌పాస్ట్ రిహార్సల్స్ కోసం రెండు వారాలు ఆటల పీరియడ్లు ఎత్తేశారు.

గిడుగువారి మీద మా అమ్మాయికి రెండు నిమిషాల ఉపన్యాసం రాసిచ్చారు. “భాషాయోషకు నవ్యాలంకారములు తొడిగిన ఆ మహనీయుని ఆశయసాధనకై మనమందరమును కంకణబద్ధులము కావలెను” అని ముగింపు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, బళ్లలో గ్రాంథికం పట్టు వదిలించి నలుగురూ మాట్లాడే తెలుగు పెట్టించడానికి జీవితాంతం పోట్లాడినాయన ఆయన. “నాన్నా, కంకణబద్ధులు అంటే?” అంది మా అమ్మాయి. “ఆ మాట ఆయనే అడిగేవాడమ్మా” అన్నాను. మార్కులు పోతాయని బట్టీపట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇప్పుడు మా ప్రాణం మీదకొచ్చిన సౌరకుటుంబం ఒక్కటీ ఒక ఎత్తు. సోమవారానికి వర్కింగ్ మోడల్ ఇవ్వాలట.

స్కూలు ఎదురు సందులో ఓ స్టేషనరీ షాపుంది. అందులో కూర్చునే పెద్దమనిషికి ప్రిన్సిపాల్ కంటే ముందే అన్నీ తెలుస్తాయి. నేను నోరు విప్పకముందే, “సెవెన్తా సార్? సోలార్ సిస్టమే కదా” అని పైనుంచి అట్టపెట్టె దించాడు. “శనారం దాకా ఆగకుండ్రి. పోయినేడు గిట్లనే ఆగితే గురుగ్రహం షార్టేజొచ్చింది.”

ప్యాకెట్టులో థర్మకోల్ ఉండలు. లెక్కపెట్టాను. సూర్యుడు కాక తొమ్మిది.

“గ్రహాలు ఎనిమిదే కదండీ. ప్లూటోని 2006లోనే తీసేశారు.”

“తీసేస్తే తీసేసిండ్రు సార్. ప్యాకింగ్‌ల వస్తది, మనమేం జేస్తం? చంద్రుణ్ణి చేస్కోండి.”

అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్రాగ్ నగరంలో సభ పెట్టి, చర్చించి, ఓట్లేసి తేల్చిన వ్యవహారం. ఈయన గల్లాపెట్టె ముందు కూర్చుని క్షణంలో పరిష్కరించాడు. పాపం ఆ ప్లూటోకి కూడా ఓ ఉద్యోగం దొరికింది.

నన్ను నిజంగా బాధపెట్టింది సూర్యుడు. ప్యాకెట్టులో ఆయన బత్తాయంత, భూమి నిమ్మకాయంత. అసలు సూర్యుడి అడ్డుకొలత భూమికి 109 రెట్లు. ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. భూమిని రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అనుకుంటే సూర్యుడు ఫుట్‌బాల్ అంత అవుతాడు. అంతవరకూ ఫరవాలేదు. చిక్కంతా దూరాలతోనే. ఫుట్‌బాల్‌ని ప్రిన్సిపాల్ బల్ల మీద పెడితే ఆవగింజ దాదాపు 24 మీటర్ల అవతల, వాచ్‌మన్ కుర్చీ దగ్గరుండాలి. గురుగ్రహం చిన్న ఉసిరికాయంత అయి 120 మీటర్ల దూరంలో, రోడ్డు మీద మిర్చి బజ్జీల బండి పక్కన ఉండాలి. శని ఓ రేగుపండంత, దాని రెట్టింపు దూరానికి కాస్త అటూఇటూగా, మెడికల్ షాపు మెట్ల మీద. నెప్ట్యూన్ శనగగింజంత. అది 700 మీటర్లు నడిచి వెళ్తే బస్టాపులో ఉంటుంది. ఏ కోడీ ఏరుకు తినకుండా దానికి కాపలాగా ఓ పేరెంటుని నిలబెట్టాలి. ఎవర్ని నిలబెడతారో నాకు తెలుసు.

ఇదీ అసలైన నమూనా అని మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ అంతా విని, “దీన్ని చార్టు మీద ఎలా అతికిస్తారండీ?” అంది. ఖగోళశాస్త్రం అక్కడితో ఆగింది.

రంగుల విషయంలో మాత్రం మా తోడల్లుడి అనుభవం పనికొచ్చింది. ఆయన ఇంజినీరు, ఏదైనా పద్ధతిగా చేస్తాడు. నిరుడు వాళ్లబ్బాయి గ్రహాలకి బ్రష్షుతో రంగేస్తే చారలు పడతాయని స్ప్రే పెయింటు డబ్బా కొన్నాడు. థర్మకోల్ అంటే పాలిస్టైరీన్. స్ప్రేలోని ద్రావకం తగిలితే కరిగిపోతుంది. ఆయన బాల్కనీలో నిలబడి బుస్సుమనిపిస్తుండగానే గురుగ్రహం గుంటలు పడి, ఒక పక్కకి ఒరిగి, చూస్తుండగా కుంచించుకుపోయి బుధుడి సైజుకొచ్చింది. రాత్రి పదకొండయింది, షాపులు మూసేశారు. అలాగే అతికించి పంపారు. ఉల్కలు పడ్డ గుంటలు ఎంతో సహజంగా ఉన్నాయని టీచరు రెండు స్టార్లు వేసింది. తోడల్లుడు ఇప్పటికీ ఆ మాట పెళ్లిళ్లలో చెబుతాడు.

నవ్వుతూనే చెబుతున్నాను గానీ నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. నిరుడు చవితికి మా అమ్మాయి ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తనే మట్టి వినాయకుణ్ణి చేసింది. తొండం కాస్త పక్కకి తిరిగింది. ఒక చెవి చిన్నది, రెండోది చేటంత. కళ్లకి మిరియాలు గుచ్చింది. బడిలో బల్ల మీద బొమ్మలన్నీ పేర్చి ఫొటో తీశారు. ముందు వరసలో అచ్చుల్లో పోసినవి, బజారులో కొన్నవి, రంగుల కిరీటాలవి. మా వినాయకుణ్ణి వెనక వరసకి నెట్టారు. ఫొటోలో ఆయన పెద్ద చెవి ఒక్కటే కనబడుతుంది. ఈ ఏడాది మట్టి తెచ్చేదా అని అడిగితే, “ఎందుకు నాన్నా, కొనేద్దాం” అంది.

టీచర్లని అని లాభం లేదు. ఆ రాత్రి మెసేజీ పెట్టే అమ్మాయికీ ఓ పిల్ల ఉంటుంది, ఆ పిల్లకీ ఓ స్కూలుంటుంది. పైవాళ్లకి ఫొటోలు కావాలి, వచ్చే ఏడాది బ్రోచర్లో వేసుకోవాలి. మొత్తం వ్యవహారంలో తల్లి కుడుతుంది, తండ్రి కొంటాడు, టీచరు ఫొటో తీస్తుంది. పిల్ల చెయ్యాల్సింది నిలబడటం.

అయితే మొన్న పక్కింటాయన వాళ్లబ్బాయి క్యాలెండర్ చూపించాడు. అదే స్కూలు, ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్. నున్న కాగితమూ లేదు, రంగులూ లేవు. వారం వారం టెస్టు, నెలకో గ్రాండ్ టెస్టు, దసరా సెలవుల్లో స్పెషల్ క్లాసులు. ఆగస్టు 29 గడిలో ఫిజిక్స్ రెండో యూనిట్ అని ఉంది. గిడుగూ లేడు, ధ్యాన్‌చందూ లేడు. “మీరింకా అదృష్టవంతులండీ” అన్నాడాయన. ఏమనాలో తోచలేదు. వచ్చే ఏడాది మా అమ్మాయికి వచ్చేదీ ఆ కాగితమే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాని నిండా వేషాలు, రెండోదాని నిండా పరీక్షలు. పిల్ల బడికెళ్లి, రెండు పాఠాలు విని, బెల్లు కొట్టాక దుమ్ములో పడి ఆడి, ఎవరూ ఫొటో తియ్యకుండా మోకాలు చీరుకుని ఇంటికొచ్చే రోజు రెండింటిలోనూ లేదు. మా రోజుల్లో ఆ రోజుని ఎవరూ అచ్చెయ్యలేదు. అడక్కుండానే వచ్చేది కాబట్టి అదొకటుందని మాకూ తెలీదు. పన్నెండేళ్ల వయసులో దక్కనిది తరవాత ఏ షాపులోనూ దొరకదు.

నెలకి ఒక్క గడి ఖాళీగా అచ్చేసే స్కూలు మీ ఎరికలో ఉంటే చెప్పండి. ఫీజు కాస్త ఎక్కువైనా కడతాను. రసీదులో మాత్రం దానికి వేరే గీత ఉండకూడదు.