తీగల వంతెన, రెండు సూట్‌కేసులు

హైదరాబాద్ నాకు కొట్టిన పిండి అని నమ్మకం. మైత్రీవనం చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ కంప్యూటర్ కోర్సు చదివినవాణ్ణి. బేగంపేటలో విమానమెక్కి మస్కట్ పోయినవాణ్ణి. అప్పట్లో విమానాశ్రయం ఊరి నడిబొడ్డున ఉండేది. విమానం లేటంటే ఆటోలో అమీర్‌పేట వెళ్ళి, ఓ ఇరానీ చాయ్ కొట్టి వచ్చేయొచ్చు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి మారిపోయాయి. ఈ సంగతి నాకు తెలీక కాదు, అక్కడే ఎన్నోసార్లు దిగాను. అయినా నా బుర్రలోని విమానాశ్రయం మాత్రం బేగంపేటలోనే ఉండిపోయింది.

ఆ రోజు మస్కట్ విమానం పన్నెండు లోపే దింపేసింది. వైజాగ్ విమానం రాత్రి తొమ్మిదికి. విదేశం నుంచి వచ్చినవాళ్ళు సామాను శంషాబాద్‌లోనే తీసుకుని కస్టమ్స్ దాటాలి కాబట్టి రెండు సూట్‌కేసులు నా మెడకి పడ్డాయి. వాటిలో టాంగ్ డబ్బాలు, పాలపొడి, ఖర్జూరాలు, సెంటు సీసాలు, ఇద్దరు మేనత్తలకి చెరో మింక్ దుప్పటి. తాళ్ళు కట్టి, స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉన్నాయి. వాటిని ఎయిర్‌పోర్టులోనే డబ్బు కట్టి దాచుకోవచ్చు. కానీ సూట్‌కేసులకి అద్దె కట్టడమేమిటని నా లోపలి పిసినారి ఒప్పుకోలేదు. అందుకని వాటిని డిక్కీలో పెట్టుకుని తిరగడానికి గంటల లెక్కన కారు మాట్లాడుకున్నాను. ఏది చౌకో చెప్పడానికి ఏ కంప్యూటర్ కోర్సూ అక్కర్లేదు.

బుద్ధున్నవాడు ఏం చేసేవాడో ఇప్పుడు చెప్పగలను. సామాను అక్కడ పడేసి, పక్కనే ఉన్న అమ్మపల్లి రామాలయానికి వెళ్ళేవాడు. పాత గోపురం, ముందు కోనేరు, సినిమావాళ్ళకి అచ్చొచ్చిన గుడని పేరు. హైటెక్ సిటీయే చూడాలనుకుంటే ఆర్టీసీ పుష్పక్ ఎక్కేవాడు. మెట్రోని నమ్ముకుని లాభం లేదు. 2019లో రాయదుర్గం దాకా వచ్చిన నీలి లైను అక్కడే ఆగింది, శంషాబాద్ వైపు ఇంకా పట్టాలే పడలేదు.

నాకు హైటెక్ సిటీయే కావాలి. దానికో పాత కక్ష ఉంది. 1998 నవంబర్లో వాజ్‌పేయి ప్రారంభించిన ఆ గుండ్రటి సైబర్ టవర్స్, నేను కోర్సు చదివే రోజుల్లో మాదాపూర్ రాళ్ళ మధ్య ఒంటరిగా నిలబడి ఉండేది. ఎప్పటికైనా అందులో కూర్చుంటానని అనుకున్నాను. మస్కట్‌లో ఒక సిమెంటు కొట్టు లెక్కల ముందు తేలాను. ఇప్పుడు మా మేనల్లుడు దాని పక్క సందులో పనిచేస్తున్నాడు.

వెళ్ళేటప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు నన్ను బాగా మోసం చేసింది. మధ్యాహ్నం పూట గచ్చిబౌలి దాకా నీళ్ళలో చేపలా జారిపోయాం. ముప్పై కిలోమీటర్లంటే ఇంతేనా అనుకుని, తిరుగు ప్రయాణానికి కూడా అదే లెక్క వేసి జేబులో పెట్టుకున్నాను.

మేనల్లుడు మెడలో ఐడీ కార్డుతో కిందికొచ్చి టీ బండి దగ్గర నిలబెట్టాడు. "నాలుగున్నరకల్లా కదిలిపో మావయ్యా. ఆఫీసులు వదిలాయంటే మైండ్‌స్పేస్ దగ్గరే ఉండిపోతావ్" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈ ఊరు తిరుగుతున్నాన్రా" అన్నాను. వాడు టీ తాగేసి, కాల్ ఉందని పైకెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేను చూసిన హైటెక్ సిటీ అంతా కారు డిక్కీ చుట్టూ ఉన్నదే. శిల్పారామం గేటు దాకా వెళ్ళాను. లోపలికి పోతే డ్రైవరు దుప్పట్లతో ఉడాయిస్తాడేమోనని వెనక్కొచ్చాను. భోజనం రోడ్డు పక్కన నిలబడే. ఒక కన్ను పులిహోర మీద, ఒకటి నంబరు ప్లేటు మీద. పాపం ఆ డ్రైవరు నాకోసం వాటర్ బాటిల్ కొనుక్కొచ్చాడు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. దుర్గం చెరువు మీద తీగల వంతెన, 2020 సెప్టెంబర్లో తెరిచింది, చీకటి పడితే రంగుల లైట్లు వేస్తారు. ఆ లైట్ల ముందు ఫొటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలని నా తపన. గోల్కొండకి నీళ్ళిచ్చిందని చెప్పే చెరువు అది. ఒకప్పుడు గుట్టల చాటున ఎవరికీ కనిపించేది కాదు. దాని పక్కన నేను లైట్ల కోసం కాపు కాశాను.

"బ్రిడ్జి మీద బండి ఆపుడు కుదరదు సార్, చలాన్ పడ్తది" అన్నాడు డ్రైవరు. ఇనార్బిట్ వైపు దిగి నడిచాను. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయిన మరుక్షణం లైట్లు వెలిగాయి. ఫొటోలో నా మొహం వంతెన వైపు లేదు, కారు పోయిన వైపుంది.

ఆరూ ముప్పావుకి బయల్దేరాం. ఔటర్ ఎక్కాక ఇబ్బందేం లేదు, ఎక్కడానికే గంట దాటింది. మైండ్‌స్పేస్ నుంచి బయోడైవర్సిటీ దాకా, పక్క బస్సు కిటికీలో ఒకమ్మాయి బఠాణీల పొట్లం విప్పి, మొత్తం తిని, కాయితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. మేం ఆ కిటికీ దాటలేదు.

కౌంటరు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ ఇరవై అయిదు. ఎనిమిదికే మూసేశారు. విమానం నేల మీదే ఉంది, సూట్‌కేసులకే దారి లేదు. పొద్దుటి విమానానికి టికెట్టు కొనేదాకా సిగ్గుతో ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆ లైన్లో నిలబడి, బేరాలాడి కొనేసరికి, వైజాగ్‌లో నన్ను ఎక్కించుకోవడానికి వచ్చిన బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, మీ విమానం వచ్చేసినట్టు బోర్డు మీద పడింది. జనం కూడా బయటికొచ్చేస్తున్నారు. నువ్వేడీ?"

"సూట్‌కేసులు ఇంకా రాలేదురా" అన్నాను, వాటి మీదే కూర్చుని.