సెలైన్ చేతితో సెల్ఫీ

రోగి ఎవరో పోల్చుకునేలా, అనుమతి లేకుండా ఫొటోలు పత్రికల్లో వేయకూడదని వైద్యుల నడవడిపై 2002 నాటి నిబంధనలు చెప్పాయి. పత్రికలన్నారే గానీ వాట్సాప్ అనలేదు కదా అని రోగులతో సెల్ఫీలు దిగి గ్రూపుల్లో పెట్టే డాక్టర్ల భాష్యం! సోషల్ మీడియాకూ హద్దులు గీస్తూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు తెచ్చింది, 23న ఆపేసింది. బారసాల నాటికే అటకెక్కాయన్నమాట. ‘రోగే ఒప్పుకున్నాడు’ అంటారు. పెద్దపంజాణిలో బస్సెక్కి మదనపల్లె సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకబుచ్చుకున్న మనిషి, సూది పట్టుకున్నవారికి కాదని చెప్పగలడా? అందులో భయమెంతో, ఒప్పుకోలెంతో ఏ రక్తపరీక్షలో తేలుతుంది? ఇలాంటి ఫొటోల ప్రచారంతో సర్కారు ఆసుపత్రిపై నమ్మకం పెరుగుతుందన్నది కొంత నిజమే. అందుకు కట్టు కట్టిన కాలు చూపితే చాలదా? మొహమే కావాలంటే డాక్టరుగారిది ఉండనే ఉంది, అనుమతీ సులువు.