ఒకటోసారి, రెండోసారి...

నేను ఇషాన్ కిషన్‌ను 30 వేలకు పాడుకున్న మనిషిని. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు అతను 11 కోట్ల 25 లక్షలకు పడ్డాడు. ఇద్దరిలో ఎవరికి గిట్టిందన్నది మా ఇంట్లో ఇంకా తేలని పంచాయితీ.

2024 నవంబర్ 24, ఆదివారం. పాలకుర్తి చౌరస్తా దాటినంక ఒక చాయ్ హోటల్. బయట సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో బస్సులు వడ్లు తొక్కకుండా వంకరటింకరగా పోతున్నాయి. లోపల గోడకు టీవీ. టీవీలో సౌదీ అరేబియాలోని జెడ్డా. మల్లికా సాగర్ సుత్తి పట్టుకుని ఐపీఎల్ ఆటగాళ్ల పాట నడిపిస్తున్నారు. ముందు బల్ల మీద మేము, క్రికెట్ బాపతు. వెనక బల్ల మీద చిట్టీ బాపతు. నెలనెలా నాలుగో ఆదివారం చిట్టీ పాట అక్కడే. రెండు లక్షల చిట్టీ, ఇరవై మంది, అందులో నేనొకణ్ని. రెండు బల్లలకూ నడుమ నాలుగడుగుల దూరం. నా కొంప ముంచింది ఆ నాలుగడుగులే.

పాట అన్నది మాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. గుడి కాడ కొబ్బరికాయలు అమ్ముకునే హక్కుకు పాట, చెరువులో చేపలకు పాట, వినాయకుడి చేతిలో లడ్డూకు పాట. బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. లడ్డూకే అంత ధర చూసిన కళ్లకు మనిషి ధర ఒక లెక్కా? అందుకే రిషభ్ పంత్‌ను లక్నో వాళ్లు 27 కోట్లకు పాడుకున్నప్పుడు మా హోటల్లో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. చాయ్ గంజు కలుపుతున్న హోటల్ కాక వెనక్కి తిరక్కుండానే, "గంతేనా?" అన్నాడు.

మా ముందు బల్లకు పెద్ద మామ. వరసకు నాకు మామ అవుతాడు, ఆరెకరాల పత్తి రైతు. చాయ్ ఎప్పుడూ వన్ బై టూనే. ఆ రెండో సగం నాకు పోస్తాడు, పైసలు నేనిస్తాను. అలాంటి మామ టీవీ ముందు కూర్చుంటే కోటికి తక్కువ మాట్లాడడు. "ఇంకో రెండు వెట్టాలె. పిసినారోళ్లు!" అంటాడు. రెండంటే రెండు కోట్లు.

కానీ మహ్మద్ షమీ పేరు వచ్చేసరికి మామలోని రైతు లేచాడు. 2023 ప్రపంచకప్‌లో 24 వికెట్లు తీసిన బౌలర్, ఆ తర్వాత చీలమండకు ఆపరేషన్ చేయించుకుని ఏడాది దాకా ఇంటిపట్టునే ఉన్నాడు. మన జట్టు సన్‌రైజర్స్ 10 కోట్లకు కొన్నది. నేను చప్పట్లు కొట్టాను. మామ కొట్టలేదు.

"తేమ చూసిండ్రా అల్లుడా?"

"ఏం తేమ మామా?"

"మా పత్తికి క్వింటాలుకు 7,521 రూపాయలు ఇయ్యాలంటే సీసీఐ వాళ్లు మిషన్ గుచ్చి చూస్తరు. పన్నెండు శాతం దాటిందా, బండి వాపస్. పది కోట్ల సరుకు, మిషన్ గుచ్చకుండనే కొంటరా?"

నేను ఫిట్‌నెస్ పరీక్షల గురించి, మొన్ననే రంజీ మ్యాచ్ ఆడి వికెట్లు తీసిన సంగతి గురించి పాఠం చెప్పాను. నేను బడిపంతుల్ని, ఎవరైనా అడిగితే ఆగను, అడక్కపోయినా ఆగను. మామ విని, "పైన పైన ఆరినట్టు కనవడ్తది. లోపల చెయ్యి వెట్టాలె," అన్నాడు.

తర్వాత సిరాజ్. హైదరాబాద్ గల్లీల్లో పెరిగిన పిలగాడు. 2017లో ఇదే సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొని, మరుసటేడే చేయి జార్చుకున్నది. బెంగళూరు వాళ్లు ఏడేండ్లు సాదుకున్నారు. ఈసారైనా ఇంటికొస్తాడని మేము ఆశపడితే గుజరాత్ వాళ్లు 12 కోట్ల 25 లక్షలకు ఎగరేసుకుపోయారు. హోటల్లో ఇల్లు కాలినంత లొల్లి. తిలక్ వర్మ ముంబైకి పాయె, సిరాజ్ గుజరాత్‌కు పాయె, మనకు మాత్రం ఆస్ట్రేలియా కెప్టెనా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఊరికే పుట్టలేదు. మన దగ్గర పెరడు కూడా మంచిదే, చెట్టు కూడా మంచిదే. వైద్యుడే వేరే ఊరి నుంచి వస్తాడు.

ఆ కోపంలో కెనడాలో ఉన్న మా అక్క కొడుక్కి వీడియో కాల్ కలిపాను. వాడక్కడ ఐస్ హాకీ చూడటం మరిగాడు. "మామయ్యా, ఇది ఏం బాధ? 1988లో ఇక్కడి హాకీ స్టార్ గ్రెట్‌స్కీని ఎడ్మంటన్ వాళ్లు లాస్ ఏంజెలిస్‌కు ఇచ్చేస్తే, ప్రభుత్వం అడ్డం పడి ఆ బేరం ఆపాలని ఇక్కడ ఒక ఎంపీయే డిమాండ్ చేసిండట," అన్నాడు. ఆటగాడి కోసం ఎంపీ! మామకు చెబితే, "మనోళ్లు పింఛనుకే అడ్డం పడరు," అని కొట్టిపారేశాడు.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ కొత్త కుర్రాళ్లకు వేలం ఉండదట, వరుస కట్టి ఎంచుకుంటారట. అంతకుముందు ఏడాది అందరికన్నా వెనకబడ్డ జట్టుకే ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువట. హోటల్ కాకకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "ఆఖరు బంతిల కూసున్నోనికి మొదటి ముక్కనా? గదేం పెండ్లి?" అన్నాడు. నాకు మాత్రం మన కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటికి కబడ్డీలో అంత ధర ఎవరూ పలకలేదు. ఆ సీజన్‌లో 22 మ్యాచులు ఆడి రెండంటే రెండు గెలిచారు. ఆ పద్ధతే ఇక్కడ ఉంటే మొదటి ముక్కలు తినీ తినీ ఈపాటికి మన టైటాన్స్‌కు అజీర్తి చేసేది. (ఐస్ లేని హాకీలో మనకూ హైదరాబాద్ తూఫాన్స్ అని ఒక జట్టుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా పోయి బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. ఆ రోజు హోటల్లో నేనొక్కణ్నే ఏడ్చాను. మిగతావాళ్లు మన జట్టు ఉందన్న సంగతికే ఆశ్చర్యపోయి ఏడవడం మరిచిపోయారు.)

మళ్లీ జెడ్డాకు వద్దాం. డేవిడ్ వార్నర్ పేరు పిలిచారు. 2016లో మనకు కప్పు తెచ్చినవాడు. 'బుట్టబొమ్మ'కు స్టెప్పులేసి మన పిల్లలకంటే ఎక్కువ తెలుగువాడైనవాడు. సుత్తి గాలిలోనే ఉంది. ఒక్క చెయ్యీ లేవలేదు. అన్‌సోల్డ్. హోటల్లో స్టవ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే అన్నాను: "అమ్ముడుపోకపోవుడు మనకు తప్పేం కాదు. మన మండలంల బమ్మెర పోతన భాగవతాన్ని రాజులకు ఇయ్యనన్నడు. అంటే వేలానికి పేరే ఇయ్యలే."

"పోతన ఇయ్యనన్నడు సారూ. ఈయన ఇస్తనన్నా ఎవ్వలు తీసుకోలే," అన్నాడు కాక.

ఇక నా ఘట్టం. చిట్టీ గురించి తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. చిట్టీలో పాట పైకి పోయినకొద్దీ పాడుకున్నవాడి చేతికి అంత తగ్గి వస్తుంది. ఆ తగ్గింది మిగతా అందరూ పంచుకుంటారు. బిడ్డ పెళ్లో, ఆస్పత్రి ఖర్చో నెత్తిమీద ఉన్నవాడే గట్టిగా పాడతాడు. నాకు అలాంటి అక్కర ఏదీ లేదు. ఆఖరు నెల దాకా ఆగి నిండా తీసుకుని ఇంటికి మీదిగది వేయాలని నేనూ మా ఆవిడా ఏడాది కింద కూర్చుని లెక్క రాసుకున్నాం.

వెనక బల్ల మీద పాట పద్దెనిమిది వేల కాడ ఆగి ఉంది. టీవీలో ఇషాన్ కిషన్. మన జట్టు చెయ్యెత్తింది. అప్పటికే 2016 తర్వాత ఎనిమిదేండ్లు కప్పు లేక మొహం వాచి ఉన్నాం. మొన్నటి మేలో చెన్నైలో ఫైనల్‌కు పోయి 113కే కూలిపోయాం. ఆ ఉక్రోషమంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. బల్ల మీద నుంచి లేచి, చెయ్యి పైకెత్తి, నా తరగతిలో వెనక బెంచీకి వినబడే గొంతుతో అరిచాను.

"ఎత్తు! ముప్పై అయినా సరే, ఇడువకు!"

"సారు ముప్పై వేలు," అన్నది నా వెనక ఒక శాంతమైన గొంతు. "ఒకటోసారి. రెండోసారి. మూడోసారి."

జెడ్డాలో సుత్తి పడ్డదీ అదే క్షణం. నేను గంతేసి మామను కౌగిలించుకున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే వెనక బల్ల వాళ్లు కూడా నాకంటే ఎక్కువ సంబరపడుతూ వచ్చి నా చెయ్యి పట్టి ఊపారు. క్రికెట్ ఇంతమందిని కలుపుతుందా అనుకున్నాను. తలా పదిహేను వందల దాకా కలిసొచ్చిన సంతోషం అదని చాయ్ బిల్లు నా ముందు పెట్టినప్పుడు గాని తెలియలేదు. చిట్టీ నడిపే పెద్దమనిషి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన అప్పటికే పుస్తకంలో ఎక్కించాడు. "పాట పాటనే సారూ. ఆ టీవీల ఆమెను పోయి అడుగుండ్రి, సుత్తి పడ్డంక వాపస్ తీసుకుంటదేమో," అన్నాడు.

ఇంట్లో చెప్పక తప్పలేదు.

"అక్కర లేని చిట్టీ ఎందుకు పాడినవయ్యా?"

"ఇషాన్ కిషన్ కోసం."

"ఆయనెవలు? మీ బళ్లె కొత్త సారా?"

నేను ఆమెకు శశాంక్ సింగ్ కథ చెప్పి గట్టెక్కుదామని చూశాను. 2022లో మన జట్టులో ఉండి పోయినవాడు. 2023 డిసెంబర్ వేలంలో పంజాబ్ వాళ్లు 20 లక్షలకు చెయ్యెత్తారు. సుత్తి పడ్డాక, అయ్యో, మేము అనుకున్న మనిషి ఇతను కాదన్నట్టు తడబడ్డారు. అయిపోయింది కదా, ఉంచుకోక తప్పలేదు. తర్వాత, మేము కోరుకున్నది ఇతన్నే అని సర్దిచెప్పుకున్నారు. మరుసటి ఏప్రిల్‌లో అతనే గుజరాత్ మీద 29 బంతుల్లో 61 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. పొరపాటున ఎత్తిన చెయ్యే బంగారమైంది.

"ఆ పిలగాడు మ్యాచ్ గెలిపిచ్చిండు. నీ చిట్టీ ఏం గెలిపిస్తది?"

దానికి 2025 మార్చి 23న జవాబు దొరికింది. ఉప్పల్‌లో మొదటి మ్యాచ్. ఇషాన్ 47 బంతుల్లో 106, నాటౌట్. నేను వంటింట్లోకి ఉరికి, "చూస్తివా, మన పైసలు!" అన్నాను. ఆమె పోపు ఆపి వచ్చి ఒక సిక్సర్ చూసింది. నాలుగు రోజులకు లక్నోతో రెండో మ్యాచ్. ఈసారి తనే ముందొచ్చి కూర్చుంది. మొదటి బంతికే ఔట్. ఏమీ అనలేదు. లేచి పోయి మీదిగది లెక్క రాసిన కాగితం తెచ్చి టీవీ కింద పెట్టింది. సీజన్ మొత్తం అది అక్కడే ఉంది. జట్టు ఆరో స్థానంలో నిలిచింది.

షమీ సంగతిలో మామే గెలిచాడు. ఏప్రిల్ 12న పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు, వికెట్ సున్నా. మామ ఫోన్ చేసి ఒక్క మాట అన్నాడు: "తేమ." కానీ అదే రాత్రి అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. ఇక్కడ నాకో పాత బాకీ ఉంది, తీర్చుకోనివ్వండి. 2018 ఆఖర్లో శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చేసి ముగ్గురిని తెచ్చుకున్నారు: విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకా ఈ అభిషేక్. అప్పుడు ఇదే హోటల్లో రెండు రోజులు సంతాపం. ధావన్‌ను ఇచ్చి ఈ పోరణ్ని తెస్తారా అని ఎక్కువ మొత్తుకున్నది నేనే. వంకాయలు తూచినంక గుప్పెడు కరివేపాకు వేసినట్టు వచ్చాడు. అసలు కంటే కొసరు ముద్దు అని మా అమ్మ అంటుంటే అది వడ్డీ వ్యాపారుల మాట అనుకునేవాణ్ని.

అసలు ట్రేడ్ అంటే మా టీచర్ల మ్యూచువల్ బదిలీ లాంటిదే, అటూ ఇటూ పోయేవాళ్లను కూడా అడుగుతారంటారు. మా మండలాన్ని మాత్రం ఒకసారి అడక్కుండానే ట్రేడ్ చేశారు చూడండి, కొత్త జిల్లాలు చేసినప్పుడు, 2016 అక్టోబర్ 11న, దసరా రోజు. పొద్దున వరంగల్ జిల్లాలో జమ్మి ఆకు కోసి, సాయంత్రానికి జనగామ జిల్లాలో అలయ్ బలయ్ తీసుకున్నాం. మాకు బదులు వరంగల్‌కు ఎవరు దక్కారో, కొసరు ఏమైనా వేశారో తెలియదు. ఇప్పటికీ బస్సులో పక్కవాడు ఏ ఊరని అడిగితే నోరు "వరంగల్" అనే అంటుంది, ఆ తర్వాత దిద్దుకుంటుంది.

2025 నవంబర్‌లో షమీని లక్నోకు ట్రేడ్ చేశారు. 10 కోట్లకు కొన్న మనిషి, 10 కోట్లకే పోయాడు. మామ రెండు రోజులు మాట్లాడలేదు. ఏడాది వాడి, తేమ తేలి, అదే రేటుకు ఇంకొకరికి అంటగట్టే మార్కెట్ ఒకటి ఈ భూమ్మీద ఉందని, ఏనుమాముల పత్తి మార్కెట్‌లో ఇన్నేండ్లు నిలబడ్డా తనకు ఎవరూ చెప్పలేదని ఆయన బాధ. ఇంట్లో మా ఆవిడ మాత్రం శ్రద్ధగా విన్నది. "అదే రేటుకు ఇచ్చిండ్రా? మరి ఆ చిట్టీ కూడా లక్నోవాళ్లకు ఇయ్యరాదు?"

డిసెంబర్ 16, మంగళవారం. ఈసారి అబుదాబిలో వేలం. బడి వదిలాక హోటల్‌కు పోయాను. కోల్‌కతా వాళ్లు కామెరూన్ గ్రీన్‌ను 25 కోట్ల 20 లక్షలకు కొన్నారు. లివింగ్‌స్టోన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు ఎవరూ అడగలేదు. రెండోసారి పిలిస్తే మనవాళ్లు చెయ్యెత్తారు. ఏడు, ఎనిమిది, పది... నా ఒళ్లంతా జలదరిస్తోంది. అప్పుడే జేబులోంచి ఫోన్ మోగింది. కాకే నా జేబులో చెయ్యి పెట్టి తీసి, బటన్ నొక్కి, నా చెవికి ఆనించాడు.

"యాడున్నవు?"

"హోటల్ల."

"చేతులు యాడున్నయ్?"

"రెండూ తొడల కింద వెట్టుకున్న."

పదమూడు కోట్ల కాడ సుత్తి పడింది. వెనక బల్ల మీద చిట్టీల పెద్దమనిషి నా దిక్కే చూస్తూ చాయ్ తాగుతున్నాడు. ఆ రోజు చిట్టీ పాట లేనే లేదు, ఉత్తగనే వచ్చి కూర్చున్నాడట.