ఉమ్మనీరు పోయాక ఎవరినీ అడగకండి

తొమ్మిదో నెల పడగానే ఇంట్లో అందరి చూపూ బ్యాగు మీదే ఉంటుంది. పాత నేత చీరలు ఉతికి మడతపెడతారు, బిడ్డకు చొక్కాలు, ఫ్లాస్కు, గ్లాసు, చెంచా సర్దుతారు. నా మొదటి సలహా ఆ బ్యాగును చివరికి వదిలేయమని. చెంచా లేకపోయినా కాన్పు ఆగదు, సాయంత్రానికి ఎవరో ఒకరు తెచ్చిస్తారు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అర్ధరాత్రి ఉమ్మనీరు పోతే "పదండి" అనే మాట ఎవరు అనాలి? చాలా ఇళ్ళలో ఆ మాట గర్భిణి నోట రాదు. అత్తయ్య లేవాలి, మామయ్యకు చెప్పాలి, ఊళ్ళో లేని భర్తకు ఫోన్ కలవాలి, పుట్టింటివాళ్ళు ఏమంటారో కనుక్కోవాలి. ఆ మాట మీదేనని సీమంతం నాడే పెద్దల ముందు చెప్పించుకోండి. వినేవాళ్ళకు పొగరుగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

రెండోది మరీ తలకిందులుగా తోస్తుంది: నొప్పుల కోసం చూడకండి. నెలలు నిండినవాళ్ళలో నూటికి సుమారు 8 మందికి నొప్పులు మొదలుకాకముందే ఉమ్మనీటి సంచి చిట్లుతుంది. వాళ్ళలో ఎక్కువమందికి ఒక రోజులోపు నొప్పులు వాటంతటవే వస్తాయి. "నొప్పులొచ్చాక చూద్దాంలే" అనే పెద్దవాళ్ళ మాట చాలాసార్లు నిజమైనట్టు కనిపించేది అందుకే. కానీ సంచి చిట్లిన క్షణం నుంచి పైకి పాకే క్రిములకు అడ్డు ఉండదు. గంటలు గడిచేకొద్దీ, అందులోనూ 18 నుంచి 24 గంటలు దాటాక, తల్లికీ బిడ్డకూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి లెక్క నీళ్ళు పోయిన నిమిషం నుంచి మొదలవుతుంది. గోడ గడియారం చూసి ఆ టైము కాగితం మీద రాయండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే.

"తొందరపడి వెళితే కోసేస్తారు" అన్న భయం ఉత్తదని నేను అనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంత కోత జరిగే చోట ఆడపిల్ల భయపడడంలో తప్పులేదు. అయితే ఇంట్లో కూర్చోవడం ఆ భయానికి మందు కాదు. నెలలు నిండాక నొప్పులు రాకుండానే నీళ్ళు పోయిన 5 వేల మందికి పైగా తల్లులను ఆరు దేశాల్లో గమనించి 1996లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. వెంటనే మందిచ్చి నొప్పులు తెప్పించినా, కొంతకాలం ఆగి చూసినా సిజేరియన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆక్సిటోసిన్‌తో నొప్పులు తెప్పించినవాళ్ళలో మాత్రం తల్లికి ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కాబట్టి వెళ్ళండి, వెళ్ళి అడగండి: "ఇప్పుడే నొప్పులు తెప్పిస్తారా, ఆగుతారా? ఆగితే ఎంతసేపు? జ్వరం, బిడ్డ గుండె ఎన్ని గంటలకోసారి చూస్తారు?" సిజేరియన్ అంటే ఎందుకో చెప్పమనండి. ఆసుపత్రి మంచం మీద కూర్చుని అడిగే ప్రశ్నకు విలువ ఉంది. ఇంటి అరుగు మీద కూర్చుని పడే అనుమానానికి లేదు.

నీళ్ళు కుండ పగిలినట్టు ఒక్కసారిగా వస్తాయని ఎదురుచూడకండి. బిడ్డ తల కిందికి దిగి ఉంటే అది అడ్డుపడి చుక్కలు చుక్కలుగానే కారవచ్చు. దగ్గితే కాస్త, లేచి నిలబడితే కాస్త. "మూత్రం ఆగట్లేదు, నెలలు నిండాయి కదా" అని సరిపెట్టేస్తారు. అనుమానం వస్తే మూత్రానికి వెళ్ళొచ్చి, పొడి ప్యాడ్ గానీ శుభ్రమైన తెల్లటి గుడ్డ గానీ పెట్టుకుని అరగంట చూడండి. మళ్ళీ తడిస్తే, మీరు ఆపుకోలేకపోతే, మూత్రం వాసన లేకపోతే అది ఉమ్మనీరనే అనుకోండి. తేల్చడం ఆసుపత్రివాళ్ళ పని. నీళ్ళు కావని తేలితే తిరిగి వస్తారు, అంతే. ఉత్తినే వెళ్ళొచ్చినందుకు ఎవరైనా నవ్వినా మరుసటి రోజు మళ్ళీ వెళ్ళడానికి కూడా జంకకండి.

ఆ తడిసిన గుడ్డను దయచేసి ఉతకకండి. మన ఇళ్ళలో ఆడవాళ్ళ చేతులు అన్నిటికంటే ముందు దాన్నే బకెట్లో పడేస్తాయి, ఎవరూ చూడకూడదని. దాన్ని కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి. నీరు తేటగానో, లేత గడ్డి రంగులోనో ఉంటే మంచిది. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం. అప్పుడు నిమిషం కూడా ఆగకూడదు. రక్తం ఎర్రగా కారినా, కంపు కొట్టినా, చలిజ్వరం తగిలినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే.

ఇప్పుడు కొందరికి కోపం తెప్పించే మాట. బయల్దేరడానికి పంచాంగం చూడకండి. రాహుకాలం గంటన్నర ఉంటుంది, అది పోయేదాకా గుమ్మంలో నిలబెట్టడం ఆ బిడ్డకు మేలు చేయదు. అమావాస్య అనో, నక్షత్రం బాగాలేదనో తెల్లారేదాకా ఆపడమూ అంతే. సిజేరియన్‌కు శుక్రవారం ముహూర్తం పెట్టించుకున్నారు, బుధవారమే నీళ్ళు పోయాయి. ఆ ముహూర్తం అక్కడితో పోయిందనుకోండి. "మళ్ళీ ఎన్నాళ్ళకు తలస్నానం చేస్తుందో" అని నీళ్ళు కాచడం కూడా వద్దు. చీర మార్చుకుని, ప్యాడ్ పెట్టుకుని కదలడమే. దీపం పెట్టి దండం పెట్టుకోవాలనుంటే బండి వచ్చేలోపు పెట్టుకోండి.

నొప్పులు రావాలని ఆముదం తాగించడం, కషాయాలు పట్టించడం మానండి. ఆముదంతో విరేచనాలు పట్టుకుంటే తల్లి నీరసించిపోతుంది. అనుభవమున్న మంత్రసానైనా "ఎంత తెరుచుకుందో చూస్తా" అంటే ఒప్పుకోవద్దు. సంచి చిట్లాక లోపల వేలు పెట్టి చూసిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్‌కు అవకాశం పెరుగుతుంది. ఆసుపత్రిలో కూడా అవసరానికి మించి ఆ పరీక్ష చేయరాదు. ఎందుకు చేస్తున్నారని అడిగే హక్కు మీకుంది. ఇక "నీళ్ళన్నీ పోయాయి, ఎండు కాన్పు అవుతుంది" అని తల్లిని ఏడిపించేవాళ్ళను పక్క గదిలోకి పంపండి. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే, అది పుట్టేదాకా తయారవుతూనే ఉంటుంది.

37 వారాలు నిండకముందే నీళ్ళు పోతే ఈ సలహాలన్నీ రెట్టింపు గట్టిగా చెబుతాను. "ఇంకా నెలుందిగా, పడుకుంటే సర్దుకుంటుంది" అన్న మాట ఎంత ప్రేమతో అన్నా ప్రమాదకరం. ఎనిమిదో నెలలో గడప దాటించరాదనే ఆచారం ఆ రోజుకు చెల్లదు. 34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పనిచేయడానికి గంటలు కావాలి. ఇంట్లో పోగొట్టేవి ఆ గంటలే. దగ్గర్లో ఉందని చిన్న నర్సింగ్ హోముకు కాక, నెలలు తక్కువ పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికే వెళ్ళడం మంచిది.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపేవాళ్ళకు ఒక మనవి. పిల్లతోపాటు ఆసుపత్రి కూడా మారుతుంది. స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు, తల్లీబిడ్డల కార్డు బీరువాలో చీరల కింద దాచకుండా తలుపు దగ్గర మేకుకు తగిలించండి. కొత్త డాక్టరును ఒకసారైనా ముందే కలవండి. ఫోన్‌లో ఆటోవాడి నంబరు, 108 రెండూ ఉండాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ బండిని ఇప్పటికీ "చావుబతుకుల్లో ఉంటేనే" పిలవాలనుకునేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు పోయాయని పిలవచ్చు, డబ్బు అడగరు. ఇక బండి రాని కొండ ఊళ్ళ సంగతి వేరు. అక్కడ నీళ్ళు పోయాక డోలీ కట్టుకుని దిగడం ఆఖరి దారి మాత్రమే. ప్రసవ తేదీకి రెండు మూడు వారాల ముందే రోడ్డు పక్క బంధువుల ఇంటికి దిగండి, లేదా గిరిజన గర్భిణుల వసతి గృహం దగ్గర్లో ఉంటే అక్కడికి. ఇంటిపని ఎవరు చూస్తారన్నది మగవాళ్ళు తేల్చుకోవాలి.

ఒక్క సందర్భంలో మాత్రం లేచి నడవకండి. నీళ్ళతోపాటు బొడ్డుతాడు బయటికి జారినట్టు కనిపించినా, ఏదో మెత్తగా తగిలినా, దాన్ని ముట్టుకోకండి, లోపలికి నెట్టకండి. మోకాళ్ళ మీద వంగి, తల, ఛాతీ మంచానికి ఆనించి, నడుము కింది భాగం పైకెత్తి ఉంచండి. బిడ్డ బరువు తాడు మీద పడకుండా ఉంటుంది. పక్కవాళ్ళు 108కు చేసి "బొడ్డుతాడు జారింది" అనే మాటే చెప్పాలి. బండిలో ఎడమవైపు తిప్పి, తుంటి కింద దిండ్లు పెట్టాలి. బిడ్డ ఎదురుకాళ్ళతోనో అడ్డంగానో ఉన్నవాళ్ళకు, కవలలున్నవాళ్ళకు, ఉమ్మనీరు ఎక్కువుందని స్కాన్‌లో చెప్పినవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. మీరు వాళ్ళలో ఉన్నారో లేదో వచ్చే చెకప్‌లో అడిగి తెలుసుకోండి. ఆ భంగిమ ఇంట్లో ఒక్కసారి అందరికీ చూపించండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఫోన్ చేసినప్పుడు "కొంచెం ఇబ్బందిగా ఉందండీ" అనకండి. ఆ మాటకు "నొప్పులొచ్చాక రండి" అన్న జవాబే వస్తుంది. ఇలా చెప్పండి: "నీళ్ళు పోయాయి. రాత్రి రెండుంపావుకు. తేటగా ఉన్నాయి. 38 వారాలు. బిడ్డ కదులుతోంది. మేము బయల్దేరాం."