రైసు మిల్లులో వినకూడని ఐదు సలహాలు

చెరుకుపల్లి చుట్టుపక్కల కుప్ప నూర్పిళ్లు మొదలయ్యాయంటే రైసు మిల్లు రాత్రీ పగలూ ఆడాల్సిందే. ఆ హడావిడిలో ఆయిలు, గ్రీజు గురించి తలా ఒక సలహా చెబుతారు. బేరింగులు విప్పి బిగించే పనిలోనే ఉన్నవాణ్ణి గనుక, ఏ మాట నమ్మితే ఏం పోతుందో చెబుతున్నాను.

1. “ఆయిలు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది.”
తప్పు. గేర్ బాక్సు ప్లేటు మీద వీజీ 220 అని ఉంటే అదే పొయ్యాలి. 40 డిగ్రీల వేడి దగ్గర ఆయిలు చిక్కదనాన్ని చెప్పే అంకె అది. అంతకన్నా చిక్కనిది పోస్తే దాన్ని చిలకడానికే కరెంటు ఖర్చవుతుంది, గేర్ బాక్సు కాలిపోతుంటుంది. పల్చనిదైతే పళ్ల మధ్య పొర నిలవదు.

2. “గ్రీజు బయటికి పొంగేదాకా గన్ను కొట్టు.”
వేగంగా తిరిగే బేరింగుకి లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. కుక్కితే వేడెక్కుతుంది, సీలు తన్నుకొస్తుంది. ఒకసారి ఎలివేటరు పైబేరింగు విప్పితే గ్రీజు, తవుడు కలిసి తెలగపిండి ముద్దలా గట్టిపడి ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి తీయాల్సివచ్చింది. గోళీల మీద గుంటలు పడ్డాయి. సీలు పోయిన సందులోంచే తవుడు దూరింది.

3. “ఎర్ర గ్రీజైతే మేలురకం.”
రంగు కలిపితే వచ్చేదే. చూడాల్సింది లోపలి సరుకు. లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు కొడితే రెండూ పొసగక నీరుగారి కారిపోవచ్చు. రకం మార్చాలంటే పాతది పూర్తిగా కడిగెయ్యాలి.

4. “ట్రాక్టరులోంచి తీసిన పాత ఆయిలు చెయిన్లకి చాలు.”
అందులో మసి, ఇనుప రజను ఉంటాయి. ఆకురాయిలా చెయిన్ని అరగదీస్తాయి. పైగా కింద పారేది మనం తినే బియ్యం. చుక్క పడే అవకాశం ఉన్నచోట హెచ్1 అని రాసి ఉన్న ఫుడ్ గ్రేడ్ సరుకే వాడాలి.

5. “ఈపీ ఆయిలు అన్నిటికీ పనికొస్తుంది.”
ఈపీ అంటే ఎక్కువ ఒత్తిడిని తట్టుకునేలా చేసిన ఆయిలు. కానీ వార్మ్ గేర్ బాక్సులో చక్రం సాధారణంగా కంచుది. కొన్ని ఈపీ ఆయిళ్లలోని గంధకం వేడికి కంచును తినేస్తుంది. తయారీదారు ఒప్పుకుంటేనే పొయ్యండి.

మిల్లు యజమానులకూ డ్రైవర్లకూ నా మనవి ఒక్కటే. సీజనుకి ముందే ప్రతి గేర్ బాక్సు మీదా దాని ఆయిలు అంకె పెయింటుతో రాయించండి. ఒక్కో రకం గ్రీజుకి ఒక్కో గన్ను పెట్టండి. నడిసీజనులో బేరింగు పోతే ఆగేది మిల్లు ఒక్కటే కాదు, బయట ధాన్యం ట్రాక్టరుతో నిలబడ్డ రైతు కూడా.